తిరగేసిన సరస్సు

ఆయన్ని తెలిసినవాళ్ళంతా కత్తెర అనే పిలిచేవాళ్ళు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, బ్యాంకువాళ్ళు తప్ప దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకునే చోట ఆయన సన్నటి పొడుగాటి కత్తెర ఒకటి పెట్టుకునేవాడు. అప్పట్లో నెలనెలా ప్రయాణాల పత్రిక ఒకటి వచ్చేది. దాని పేజీలు కూర్చడం ఆయన ఉద్యోగం. కంప్యూటర్లు రాకముందు సంగతి ఇది. ఫోటోని ఒకచోట, వ్యాసాన్ని ఒకచోట, శీర్షికని ఇంకోచోట కత్తిరించి, జిగురు రాసి, అట్ట మీద అతికిస్తే అదీ పేజీ. వెంట్రుకవాసి వంకరపోయినా మళ్ళీ పీకి అతికించేవాడు. ఎవరికి కనిపిస్తుందయ్యా అంటే, నాకు కనిపిస్తోందిగా అనేవాడు.

చోద్యం ఏమిటంటే, ప్రయాణాల పత్రికకి ప్రాణం పెట్టిన ఈ మనిషి జన్మలో ప్రయాణాలు చేసింది లేదు. బస్సెక్కితే మూడో మలుపుకల్లా కడుపులో తిప్పేది. రైలైతే స్టేషను దాటకముందే మొహం తెల్లబోయేది. ఓడ సంగతి అడగనే అక్కర్లేదు, ఓడ ఫోటో అతికించేటప్పుడే కిటికీ తెరిచి పెట్టుకునేవాడని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు. అది మాత్రం అబద్ధం. కిటికీ జిగురు వాసనకి తెరిచేవాడు.

ఆ పత్రిక చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి ఎంత చెప్పినా తక్కువే. ఇప్పటి పత్రికలు తీసి చూడండి, ఒక్క అంగుళం చోటు దొరికితే చాలు, ఏదో ఒకటి తెచ్చి కుక్కేస్తారు. ఆ రోజుల్లో ఖాళీకి ఓ మర్యాద ఉండేది. ఆవపసుపు, సముద్రపు ఆకుపచ్చ, ఇటుక ఎరుపు, వీటికి తోడు నలుపు. అంతే. ఆ నాలుగు రంగులతోనే మంచుకొండలు, ఓడరేవులు, ఎడారి రైళ్ళు అన్నీ వచ్చేసేవి. పత్రిక పేరు ఎప్పుడూ ఎడమవైపు పైన, గుండ్రటి లావుపాటి అక్షరాల్లో ఉండేది. ఆ పేరు కింద ఆకాశం ఖాళీగా ఉండాలి, అది ఎడిటరుగారి శాసనం. లోపల చేత్తో గీసిన మ్యాపులు. రైలు దారికి గీతలు, పడవ దారికి చుక్కలు, ఊరి పక్కన గొడుగు పట్టుకుని వేలెడంత మనిషి.

పేజీ నంబరు ఓ చిన్న ప్రయాణపు పెట్టె బొమ్మలో ఉండేది. ఆ బొమ్మ వేసింది కత్తెరే. ఏ నెల ఏ ఊరి గురించి రాస్తే ఆ నెల పెట్టె మీద ఆ ఊరి చీటీ ఒకటి కొత్తగా అతికించేవాడు. ఏడాది చివరి సంచికకి వచ్చేసరికి పెట్టె నిండా చీటీలే. ఈ సంగతి కనిపెట్టి మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన పాఠకులు ఇద్దరంటే ఇద్దరు. ఆ రెండు ఉత్తరాలూ ఆయన బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి.

ఊళ్ళు తిరిగింది బావ. ఆయన ఆ పత్రిక ఫోటోగ్రాఫరు. ముందు స్నేహితుడు, తరవాత ఆయన చెల్లెల్ని కత్తెర చేసుకోవడంతో బావ అయ్యాడు. ఒకళ్ళనొకళ్ళు బావా అనే పిలుచుకునేవాళ్ళు, ఆఫీసులో ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో కొత్తవాళ్ళకి బోధపడేది కాదు. నెలలో ఇరవై రోజులు బావ రైళ్ళలోనే ఉండేవాడు. తిరిగొచ్చాక ఫిల్ము కడిగి, కింద దీపం వెలిగే గాజుబల్ల మీద నెగెటివ్‌లు పరిచి, ఒక్కొక్కటే వేలితో చూపిస్తూ కథలు చెప్పేవాడు. ఈ మెట్ల మీద కాలు జారింది, ఈ ముసలాయన టీ ఇప్పించాడు, ఈ వంతెన దగ్గర మూడు గంటలు మబ్బు కోసం కాపు కాశాను, అంటూ. కత్తెర చెవులు అప్పగించి వినేవాడు. ప్రపంచంలో ఆయనకి తెలిసిన ఊళ్ళన్నీ బావ కళ్ళతో చూసినవే.

ఇక్కడ ఆ ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. నెగెటివ్‌ని ఎటునుంచి చూసినా బొమ్మ కనిపిస్తుంది, కుడి ఎడమలు మాత్రం మారిపోతాయి. ఒక వైపు నిగనిగలాడుతుంది, రెండో వైపు మసగ్గా ఉంటుంది, తెలిసినవాడు పట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కానీ అచ్చుకి వెళ్ళే హడావిడిలో పట్టి చూసే తీరిక ఎవరికుంటుంది? అందుకని ఫోటోగ్రాఫరే నెగెటివ్ మూలన, పైకి ఉండాల్సిన వైపు, నల్లసిరాతో చిన్న చుక్క పెట్టి ఇచ్చేవాడు. అచ్చుకి బ్లాకులు తయారుచేసేవాళ్ళు ఆ చుక్క తప్ప ఇంకేమీ చూసేవాళ్ళు కారు. చుక్క ఎటుంటే బొమ్మ అటు. అందులో రెండో మాట ఉండేది కాదు.

కత్తెరకి ముప్పయ్యేళ్ళప్పుడు ఒక వేసవి సంచికకి అట్టబొమ్మగా సరస్సు ఊరి ఫోటో వచ్చింది. పొద్దున్న ఎనిమిదీ ఇరవైకి తీశాడు బావ. ఎడమవైపు అంకెల బదులు గీతలున్న గడియారస్తంభం, కుడివైపు నీళ్ళలో ఓ పడవ, పడవలో తెడ్డు ఆనించుకుని నవ్వుతున్న పడవవాడు. నీళ్ళ మీద ఎండ అప్పుడే పరుచుకుంటోంది. అంత మంచి ఫోటో ఆ పత్రికకి అంతకుముందు రాలేదు. వచ్చిన చిక్కల్లా ఆ గడియారస్తంభంతోనే. అది తిన్నగా వెళ్ళి పత్రిక పేరులోకి పొడుచుకుంది. పేరు చిన్నది చేస్తానంటే ఎడిటరుగారు ఒప్పుకోరు. స్తంభం కోసేస్తే ఫోటోలో ఊరే ఉండదు. పొద్దుట్నుంచి కత్తెర జుట్టు పీక్కుంటూ కూర్చున్నాడు. నాలుగింటికల్లా బ్లాకులకి వెళ్ళిపోవాలి. బావేమో ఎక్కడో కొండల్లో, ఫోను అందని చోట ఉన్నాడు.

మూడున్నరకి ఏమీ తోచక నెగెటివ్‌ని బోర్లా తిప్పి చూశాడు.

అంతే, పేజీ కుదిరిపోయింది. స్తంభం బుద్ధిగా కుడివైపుకి జరిగింది. పేరు కింద ఆకాశం పళ్ళెంలా ఖాళీ అయింది. పడవ ఎడమ మూలకి వచ్చి, చదివేవాడి కన్నుని లోపలికి పిలుస్తున్నట్టు కూర్చుంది. కత్తెర లేచి నిలబడి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఆ నిమిషంలో ఆయనంత సంతోషంగా ఉన్న మనిషి ఆ భవనంలో ఇంకొకడు లేడు.

ఇప్పుడు చుక్క కిందికి పోయింది కదా. అలాగే పంపితే బ్లాకులవాళ్ళు మళ్ళీ తిప్పేస్తారు. బ్లేడు తీసి పాత చుక్క జాగ్రత్తగా గీకేశాడు. ఇటువైపు అదే మూలన కొత్త చుక్క పెట్టాడు. బావ వచ్చాక చెప్దాంలే అనుకున్నాడు. ఇందులో దాచాల్సిందేముంది అని నిజంగానే అనుకున్నాడు, పాపం.

సంచిక వచ్చింది. ఎవరి నోట విన్నా ఆ అట్టే. స్టాళ్ళకి రెండోసారి అచ్చువేసి పంపాల్సి వచ్చింది. జనం దాన్ని చింపి గోడకి అంటించుకున్నారు. ఎడిటరుగారు తన గదిలో ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. ఆ సంబరమంతా మూడు వారాలు సాగింది. నాలుగో వారంలో సరస్సు ఊరి నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి.

మొత్తం పదకొండు ఉత్తరాలు. మా గడియారస్తంభం ఉండేది అటు కాదండీ అని కొందరు రాశారు. ఫోటో కింద ఉదయపు వెలుగులో అని మీరు వేశారు గానీ గడియారంలో మూడూ నలభై అయింది చూసుకోండి అని ఓ బడిపంతులు రాశాడు. పడవవాడి ఉత్తరం మాత్రం ఆఫీసులో చాలాకాలం చెప్పుకున్నారు. తన చొక్కా జేబు కుడివైపుకి ఎలా వచ్చిందో తనకి అంతుపట్టడం లేదని, ఎవరి చొక్కా తొడుక్కుని ఫోటో దిగావని వాళ్ళావిడ రెండు వారాలుగా నిలదీస్తోందని, పత్రికవారు దయచేసి ఆవిడ పేర ఒక ముక్క రాసి తన కాపురం నిలబెట్టాలని అందులో ఉంది. ఎడిటరుగారు ఆవిడకి ఉత్తరం రాశారు కూడా.

అందరూ పడీపడీ నవ్వారు గానీ, ఎడిటరుగారికి నవ్వు రాలేదు. పేరున్న పత్రిక, ఒక ఊరిని తిరగేసి అచ్చువేసింది. ఆయన నెగెటివ్ ఉన్న కవరు తెప్పించారు. అప్పటికి బావ ఊళ్ళోకి వచ్చి రెండు రోజులైంది. అందరి ముందూ నెగెటివ్ తీసి గాజుబల్ల మీద పెట్టారు. నిగనిగలాడే వైపు ఉండాల్సిన చుక్క మసక వైపు ఉంది. బావ వంగి చూశాడు. వేలి చివరతో ఆ చుక్కని తడిమాడు. "నాదే పొరపాటండి" అన్నాడు.

నాలుగు బల్లల అవతల కత్తెర చేతిలో జిగురు బ్రష్షు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వంగి, ముందున్న పేజీకి మళ్ళీ జిగురు రాశాడు.

ఏ మాటకా మాట చెప్పుకోవాలి, ఆయనకి భయం వేసింది. దీనికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకనక్కర్లేదు. ఇంకో రెండు నెలల్లో పేజీలు కూర్చే విభాగానికి ఆయన్నే పెద్దని చెయ్యబోతున్నారు. చుక్క గీకినవాణ్ణి చేస్తారా? ఆ రోజు సాయంత్రం చెప్దామనుకున్నాడు. సాయంత్రం బావ మొహం చూశాక రేపు చెప్దామనుకున్నాడు. రేపటికి ఆ మాట ఇంకాస్త బరువెక్కింది. వారం దాటేసరికి, ఇప్పుడు చెప్తే అప్పుడే ఎందుకు చెప్పలేదంటారు అనే దగ్గర ఆగిపోయాడు.

ఎడిటరుగారు బావని పల్లెత్తు మాట అనలేదు. ఇకముందు చూసుకోవయ్యా అన్నారంతే. కానీ బావ తనని తాను వదల్లేదు. తరవాతి ప్రయాణం నుంచి వచ్చి, నెగెటివ్‌లు బల్ల మీద పరిచి, చుక్క పెట్టడానికి ముందు ఒక్కోదాన్ని నాలుగుసార్లు తిప్పి చూడటం మొదలుపెట్టాడు. పెట్టాక తుడిచేవాడు, మళ్ళీ పెట్టేవాడు. కథలు చెప్పడం మానేశాడు. ఒకరోజు టీ తాగుతూ కత్తెరతో అన్నాడు.

"అక్కడ నిలబడి తీసినవాణ్ణి నేను. ఏది ఎటుందో నాకే తెలియకపోతే ఇంకా నా కన్నుని ఎలా నమ్మను బావా?"

కత్తెర టీకప్పులోకి చూస్తూ, అందరికీ జరిగేదేలే అన్నాడు. ఆరు నెలలకి బావ ఉద్యోగం మానేశాడు.

మానేసి స్టేషను వెనక వీధిలో పాస్‌పోర్టు ఫోటోల కొట్టు పెట్టుకున్నాడు. ఒక కుర్చీ, ఒక బూడిదరంగు తెర, రెండు దీపాలు. ప్రపంచమంతా తిరిగినవాడు, ఊళ్ళు వెళ్ళబోయేవాళ్ళ మొహాలు తీస్తూ ఆ కొట్టులో కూర్చుండిపోయాడు. మళ్ళీ రైలెక్కలేదు. మనిషి చెడిపోలేదు, కోపిష్టి కాలేదు, తాగలేదు. పెళ్ళాం పిల్లలతో నవ్వుతూనే ఉన్నాడు. మంచి మనిషని కొట్టు చుట్టుపక్కల అందరూ అంటారు. కాకపోతే ఆదివారం ఆదివారం ఆ వారం తీసిన ఫోటోలన్నీ కవరులో వేసుకుని చెల్లెలి ఇంటికి వచ్చేవాడు.

"ఓసారి చూడు బావా, ఎక్కడన్నా తిరగబడ్డాయేమో" అని కవరు కత్తెర ఒళ్ళో పెట్టేవాడు. ప్రతి ఫోటో వెనకా పెన్సిలుతో గుర్తు రాసుకొచ్చేవాడు, పుట్టుమచ్చ ఎడమ చెంప, పాపిడి కుడి, జేబు ఎడమ, ఇలా. కత్తెర ఒక్కోటి తీసి, ముందూ వెనకా సరిచూసి, అన్నీ బాగానే ఉన్నాయి బావా అనేవాడు. అప్పుడు బావ మొహంలో కాస్త వెలుగు వచ్చేది. కాఫీ తాగి, చెల్లెలితో ఓ గంట కబుర్లు చెప్పుకుని వెళ్ళేవాడు. అలా నలభై రెండేళ్ళు. మధ్యలో పత్రిక మూతపడింది, నెగెటివ్‌లు పోయి కొత్త కెమెరాలు వచ్చాయి. ఆ కెమెరాలో తిరగబడటానికి ఏమీ లేదని బావకీ తెలుసు. అయినా కవరు తెచ్చేవాడు. కత్తెర భార్యకి దీని వెనక సంగతేమీ తెలియదు. ఈయనకి అన్నయ్య మీద ఎంత ఓపికో అని చుట్టాల దగ్గర పొంగిపోతూ చెప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా కత్తెర అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. బావ కూతురు ఒకమ్మాయి, పుస్తకాలు డిజైను చేసే పని ఆమెది. కత్తెర ఆమెని అమ్మడూ అని పిలుస్తాడు. ఈ మధ్య కుర్రకారుకి ఆ పాత పత్రిక అట్టల మీద మోజు పుట్టింది. వాటిని సంచుల మీద, టీకప్పుల మీద అచ్చువేసుకుంటున్నారు. ఆ ఆవపసుపు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటున్నారు. అమ్మడు ఆ అట్టలన్నీ కలిపి ఒక పుస్తకం వేస్తానని బయల్దేరింది. నెల రోజులు మావయ్య ఇంటికి వచ్చి, పాత సంచికలన్నీ ఒక్కొక్కటే స్కాన్ చేసుకుంది. ఈ పేరు ఎవరు గీశారు, ఈ ఫోటోలో మనిషిని గుండ్రంగా ఎలా కత్తిరించారు, ఈ ఎరుపు పక్కన ఆకుపచ్చ పెట్టాలని ఎలా తోచింది అని అడిగి అడిగి రాసుకుంది. పెట్టె మీద చీటీలు ఏ నెలకానెల పెరుగుతున్నాయని అడక్కుండానే కనిపెట్టేసింది. కత్తెర ఆ నెలలో పదేళ్ళు చిన్నవాడయ్యాడు. బువ్వ సయించింది, నిద్ర పట్టింది, జేబులోకి మళ్ళీ కత్తెర వచ్చి చేరింది.

ఆఖరి శుక్రవారం నాడు అమ్మడు పుస్తకం నమూనా తెచ్చి బల్ల మీద పరిచింది. పుస్తకం పైన అట్టకి సరస్సు ఊరే పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది, ఎవరినడిగినా ఆ అట్టే గొప్పదంటారు. లోపల దాని పేజీలో కింద ఒక చిన్న వాక్యం ఉంది. కత్తెర కళ్ళజోడు సవరించుకుని చదివాడు. ఫోటోగ్రాఫరు పొరపాటు వల్ల ఈ చిత్రం కుడి ఎడమలు తారుమారై అచ్చయింది, అని ఉంది. ఆ పక్కనే బావ పేరు.

ఈ వాక్యం ఎవరు రాశారని అడిగితే, నాన్నే చెప్పి రాయించాడు మావయ్యా అంది అమ్మడు. ఇప్పుడెందుకమ్మా ఇదంతా, తీసెయ్యరాదూ అన్నాడు కత్తెర, వీలైనంత తేలిగ్గా. తానూ అదే అన్నానని, నాన్న వినలేదని చెప్పింది. నిజం రాయనప్పుడు ఆ ఫోటో వెయ్యడం ఎందుకని అడిగాడట. మంగళవారం పుస్తకం అచ్చుకి వెళ్తుంది. మూడు వేల ప్రతులు.

శనివారమంతా కత్తెర ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఇన్నాళ్ళూ అది నోటి మాట, గాలికి పోయిందనుకున్నాడు. ఇప్పుడు అచ్చులోకి ఎక్కుతోంది. మూడు వేల ఇళ్ళలో బావ తప్పు చేసినవాడిగా ఉండిపోతాడు, వాళ్ళిద్దరూ పోయాక కూడా. అచ్చయినదాన్ని చెరపలేమని కత్తెరకి చెప్పాలా ఎవరైనా? పోనీ చెప్పేస్తే బావ మళ్ళీ ఈ గడప తొక్కుతాడా? ఆయనకి మిగిలిన స్నేహితుడు ఆ ఒక్కడే.

ఆదివారం పదింటికి బావ వచ్చాడు. ఎప్పట్లాగే చెప్పులు గుమ్మం పక్కన విప్పి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, కవరు కత్తెర ఒళ్ళో పెట్టాడు. వంటింట్లో కాఫీ గిన్నె చప్పుడు వినిపిస్తోంది. కత్తెర కవరు విప్పలేదు.

"బావా, ఆ సరస్సు నెగెటివ్ నేను తిప్పాను" అన్నాడు.

బావకి వెంటనే అర్థం కాలేదు. పుస్తకంలోనా అని అడిగాడు.

"కాదు. అప్పుడే. గడియారస్తంభం పేరుకి అడ్డొచ్చిందని తిప్పాను. నువ్వు సరిగ్గానే ఇచ్చావు."

బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నవాడల్లా ఇటు తిరిగాడు. కత్తెర తల ఎత్తలేదు.

"చుక్క?"

"నేనే పెట్టాను. నీది బ్లేడుతో గీకేశాను."

బావ తన కుడిచేతి చూపుడువేలు వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. అరిచి ఉంటే బాగుండేది, కొట్టినా బాగుండేదనిపించింది కత్తెరకి. బావ లేచాడు. కత్తెర ఒళ్ళోంచి కవరు తీసుకున్నాడు. విప్పి, అందులో పైన ఉన్న ఫోటో ఒకటి బయటికి లాగి, వెనక రాసిన గుర్తు చూడకుండా, ఫోటోనే కాసేపు చూశాడు.

"ఇది సరిగ్గానే ఉంది. నువ్వు చూడక్కర్లేదు" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కాఫీ పట్టుకుని వచ్చిన భార్య, అన్నయ్య ఏడని అడిగింది. కత్తెర ఆవిడకీ చెప్పేశాడు, మొదట్నుంచీ, ఒక్క ముక్క మిగల్చకుండా. ఆవిడ రెండు కప్పులూ పట్టుకుని అలాగే నిలబడి వింది. మా అన్నయ్యనా, అని మాత్రం అంది. తరవాత చాలా రోజులు వడ్డించింది, మంచం పక్కన నీళ్ళు పెట్టింది, మాట్లాడలేదు. తిట్టించుకునే యోగ్యత కూడా తనకి లేకుండా పోయిందని కత్తెర కుమిలిపోయాడు.

సోమవారం పొద్దున్నే ఆయన అమ్మడికి ఫోను చేసి, ఆ వాక్యం మార్చి రాసుకోమన్నాడు. ఫోటోగ్రాఫరు సరిగ్గా ఇచ్చిన చిత్రాన్ని పేజీలు కూర్చినవాడు అందం కోసం తిప్పి, ఆ సంగతి దాచాడు, అని చెప్పాడు. తన అసలు పేరు, ఆ బ్యాంకువాళ్ళకి తప్ప తెలియని పేరు, అక్షరం అక్షరం చెప్పి రాయించాడు. రాసుకున్నావా అని అడిగితే, రాసుకున్నా అంది అమ్మడు. అచ్చు మూడు వారాలు ఆపుతున్నానని మాత్రం చెప్పి పెట్టేసింది.

ఆ ఆదివారం బావ రాలేదు. కత్తెర పదింటికి కిటికీ దగ్గర కూర్చుని పన్నెండింటికి లేచాడు. తరవాతి ఆదివారమూ రాలేదు. కత్తెర బావ కొట్టు దాకా నడిచి వెళ్ళి, వీధి ఇవతలే నిలబడి చూశాడు. కొట్టు మూసి ఉంది. పక్క షాపువాణ్ణి అడిగితే, కెమెరా సంచి భుజాన వేసుకుని ఎటో ఊరెళ్ళాడని చెప్పాడు. ఈ వయసులో, ఒంటరిగా, రైలెక్కాడట. కత్తెరకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమేస్తోందో, సిగ్గేస్తోందో ఆయనకే తెలియలేదు.

మూడో ఆదివారం బావ వచ్చాడు. కవరు లేదు. చేతిలో పెద్ద కాయితం చుట్ట ఉంది. మొహం ఎండకి కమిలి ఉంది. చెల్లెలు ఎదురెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది, ఆయన ఆవిడ భుజం తట్టి, కాఫీ పెట్టమన్నాడు. కుర్చీలో కూర్చుని కాయితం విప్పి బల్ల మీద పరిచాడు. అమ్మడు పంపిన కొత్త పేజీలు అవి. ఎడమ పేజీలో ఆనాటి అట్ట, అచ్చయింది అచ్చయినట్టే. కుడి పేజీలో అదే ఫోటో, సరైన వైపుకి తిప్పి, పైన పత్రిక పేరు పెట్టి ఉంది. గడియారంలో ఎనిమిదీ ఇరవై. పడవవాడి జేబు ఎడమవైపే ఉంది. స్తంభం మాత్రం సూటిగా వెళ్ళి పేరు మధ్య అక్షరాన్ని పొడిచేస్తోంది.

బావ రెండింటినీ మార్చి మార్చి చూశాడు. కళ్ళు చికిలించి, తల కాస్త పక్కకి వాల్చి, ఎన్నో ఏళ్ళ కిందట గాజుబల్ల దగ్గర చూసినట్టే చూశాడు.

"నిజం చెప్పాలంటే నీదే బాగుంది బావా" అన్నాడు.

కత్తెర ఏదో చెప్పబోయాడు. బావ చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆ రోజు అడగడానికి నేను ఊళ్ళో లేను, సరే. వచ్చాక నాకొక్కడికి చెప్తే సరిపోయేది కదా. నేనే తిప్పమన్నానని ఎడిటరుగారితో చెప్పేవాణ్ణి. మాట నేను పడేవాణ్ణి. అది నాకు ఏపాటి?"

కాఫీ వచ్చింది. బావ తన కప్పు తీసుకుని, రెండో కప్పు కత్తెర ముందుకి జరిపాడు.